‘వ్యభిచారం నేరం కాదు’ అన్నది ఏ తీర్పు? సెక్స్ వర్కర్లను పిలిచే మాటల వెనక లెక్కలు

క్లుప్తంగా: ‘వేశ్య’, ‘వ్యభిచారిణి’, ‘బాధితురాలు’, ‘సెక్స్ వర్కర్’ అనే మాటల్లో ఏది వాడాలన్న వాదన మర్యాదకు సంబంధించినదిగానే కనిపిస్తుంది. నిజానికి ఒక్కో మాట ఒక్కో వ్యవస్థ నుంచి వచ్చింది: పోలీసు కేసు, ఆరోగ్య పథకం, పునరావాస గృహం, కులం. ఏ మాట నిలిస్తే ఆ వ్యవస్థకు ఆ మహిళ మీద అధికారమో, ఆమెకు దాని మీద హక్కో వస్తుంది. అందుకే సుప్రీంకోర్టు 2023లో సూచించిన మాటను కూడా మూడు నెలల్లో సవరించుకోవాల్సి వచ్చింది.

2018 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు ఐపీసీ 497వ సెక్షన్‌ను కొట్టేసింది. వివాహిత అయిన స్త్రీతో ఆమె భర్త సమ్మతి లేకుండా సంబంధం పెట్టుకున్న పురుషుణ్ని శిక్షించే సెక్షన్ అది. 2022 మే 19న అదే కోర్టు, బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో, సెక్స్ వర్కర్లకూ రాజ్యాంగం 21వ అధికరణం కింద గౌరవంగా బతికే హక్కు ఉందని గుర్తుచేస్తూ పోలీసులకు, మీడియాకు ఆదేశాలిచ్చింది. ఒకటి దాంపత్యానికి సంబంధించిన తీర్పు, రెండోది జీవనోపాధికి సంబంధించిన ఉత్తర్వు. ఒకదానితో ఒకదానికి పొత్తు లేదు. తెలుగులో మాత్రం రెండుసార్లూ ‘వ్యభిచారం నేరం కాదు’ అన్న తరహా మాటే చలామణి అయింది.

శీర్షికలు పెట్టినవాళ్లది మాత్రమే కాదు ఈ తప్పు. భర్తను కాదని మరొకరితో ఉండటానికీ, డబ్బు తీసుకుని లైంగిక సేవ అందించడానికీ తెలుగు ఒకే మాట పెట్టుకుంది. తప్పిన నడవడి అన్న అర్థం అందులోనే ఉంది. జరిగింది నేరమా, బతుకుతెరువా, బలవంతమా అన్నది ఆ మాట చెప్పదు. తీర్పు మాత్రమే చెబుతుంది. చదువరి ముందు పడేది తీర్పు కాదు, శీర్షిక. హైదరాబాద్‌లో స్పా మీద దాడి జరిగిన ప్రతిసారీ ‘సుప్రీంకోర్టు తప్పు లేదంది కదా, మరి పోలీసులెందుకు పట్టుకున్నారు?’ అన్న ప్రశ్న రావడానికి సగం కారణం ఇదే.

చట్టం ఏమంటుంది?

పోలీసు ప్రకటనల్లో ‘పిటా యాక్ట్’గా కనిపించేది 1956 నాటి ఇమ్మోరల్ ట్రాఫిక్ (ప్రివెన్షన్) చట్టం. మొదట్లో దాని పేరు వేరు. 1986 సవరణతో ఇప్పటి పేరు వచ్చింది, నిర్వచనమూ మారింది. అంతకుముందు ‘ప్రాస్టిట్యూషన్’ అంటే ఒక స్త్రీ డబ్బుకోసం తన శరీరాన్ని అప్పగించడం. సవరణ తర్వాత డబ్బుకోసం వ్యక్తులను లైంగికంగా దోపిడీ చేయడం, దుర్వినియోగపరచడం. అంటే నిర్వచనంలో వేలు ఆమె వైపు నుంచి ఆమెను వాడుకునేవాళ్ల వైపు తిరిగింది. సెక్షన్లు మాత్రం అంతగా తిరగలేదు.

వయోజన మహిళ తన ఇష్టంతో డబ్బు తీసుకోవడాన్ని ఈ చట్టం నేరమనలేదు. దాని చుట్టూ ఉన్నవన్నీ నేరాలే: వ్యభిచార గృహం (బ్రోతల్) నడపడం, ఆ సంపాదన మీద బతకడం, మనుషులను ఈ పనిలోకి దింపడం, గుడికో బడికో ఆస్పత్రికో 200 మీటర్లలోపు ఈ పని చేయడం, రోడ్డు మీద పిలవడం. ‘బ్రోతల్’ నిర్వచనంలో ఇంకో మెలిక ఉంది. ఇద్దరు మహిళలు కలిసి ఒక గదిని ఉమ్మడి లాభం కోసం వాడుకున్నా అది బ్రోతలే. భద్రత కోసం ఒంటరిగా ఉండకూడదనుకున్న ఇద్దరు, చట్టం దృష్టిలో ఒక సంస్థ అయిపోతారు.

2022 ఉత్తర్వు ఈ సెక్షన్లలో దేన్నీ రద్దు చేయలేదు. వయోజనులు, సమ్మతితో చేస్తున్నవాళ్ల విషయంలో పోలీసులు జోక్యం చేసుకోకూడదని కోర్టు నియమించిన నిపుణుల కమిటీ సిఫారసు చేసినా, దాని మీద కేంద్రం తన అభ్యంతరాలు చెప్పింది. కేంద్రం ఒప్పుకున్న సిఫారసులనే కోర్టు అమలు చేయమంది: లైంగిక దాడికి గురైన సెక్స్ వర్కర్‌కు తక్షణ వైద్యం, పోలీసుల ప్రవర్తనలో మార్పు, ఇష్టం లేకుండా సంరక్షణ గృహాల్లో ఉన్న వయోజన మహిళలను గుర్తించి విడుదల చేయడం, పోలీసు దాడుల సమయంలో సెక్స్ వర్కర్ల ఫొటోలూ వివరాలూ బయటపెట్టకుండా మీడియాను కట్టడి చేయడం. ‘వృత్తిగా గుర్తించింది’ అని అప్పట్లో జరిగిన ప్రచారం ఉత్తర్వు కన్నా చాలా ముందుకెళ్లింది.

క్రైమ్ పేజీ వ్యాకరణం

హైదరాబాద్‌కు ఇప్పుడు పేరు చెప్పి చూపించగల రెడ్‌లైట్ ఏరియా లేదు. పాతబస్తీలోని మెహబూబ్ కీ మెహందీని 1990ల మధ్యలో ఖాళీ చేయించారు. ఆ ఖాళీ చేయింపు తర్వాత, 1996లో, అక్కడి మహిళల పిల్లల కోసం బడి పెట్టడంతోనే, అక్రమ రవాణాను ఎదిరించే ప్రజ్వల సంస్థ మొదలైంది. ఆ తర్వాత ఈ పని నగరమంతటా చెదిరిపోయింది: అద్దె ఇళ్లు, లాడ్జీలు, బస్టాండ్ల పరిసరాలు, మసాజ్ సెంటర్లు, ఫోన్ నంబర్లు, ఇప్పుడు వాట్సాప్.

ముంబయిలో కామాఠిపురా, కోల్‌కతాలో సోనాగాఛీ ఉన్నాయి. అక్కడి మహిళలకు ఒక చిరునామా ఉంది, కాబట్టి సంఘం పెట్టుకోగలిగారు. సోనాగాఛీలో దర్బార్ మహిళా సమన్వయ కమిటీ 1995లో ఏర్పడి, తమను ఏమని పిలవాలో తామే చెప్పడం మొదలుపెట్టింది. హైదరాబాద్‌లో చిరునామా లేదు కాబట్టి నగరం వీళ్లను చూసేది దాడి జరిగిన రోజు పేపర్లోనే. ఆ మాటలు పోలీసు ప్రెస్‌నోట్ నుంచి దిగుతాయి. ‘స్పా ముసుగులో వ్యభిచారం’, ‘హైటెక్ వ్యభిచారం గుట్టురట్టు’, ‘నిర్వాహకురాలు పరారీ’, ‘ముగ్గురు యువతులు, ఇద్దరు విటులు’, ‘రెస్క్యూ హోమ్‌కు తరలింపు’. వార్త మారినా అచ్చు మారదు. విలేకరికి అరగంట టైమ్ ఉంటుంది, పదాలు సిద్ధంగా ఉంటాయి.

ఈ అచ్చులో ఒక వైరుధ్యం దాగుంది. అదే కేసు ఎఫ్ఐఆర్‌లో ఆ యువతులు తరచూ ‘బాధితులు’. శీర్షికలో వాళ్లే ‘వ్యభిచారం చేస్తూ పట్టుబడ్డవాళ్లు’. ఆఖరి వాక్యంలో మళ్లీ ‘రక్షించబడ్డవాళ్లు’. మూడు పాత్రలూ ఒకే వార్తలో, ఒకే మనిషికి. ఇక ‘రక్షించి హోమ్‌కు తరలించారు’ అంటే ఇంటికి పంపారని చదువరి అనుకోవచ్చు. పిటా చట్టం 17వ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేట్ విచారణ జరిపి, ఆమెకు సంరక్షణ అవసరమనుకుంటే ఏడాది నుంచి మూడేళ్ల వరకు సంరక్షణ గృహంలో ఉంచవచ్చు. ఆమె ఏ నేరమూ చేయలేదని తేలాక కూడా.

పేరు కులమైనప్పుడు

తెలుగులో ఈ మాటల చరిత్ర మరో దారిలోనూ నడిచింది. వేశ్య, గణిక, వారకాంత కావ్యాల నుంచి వచ్చినవి. ‘వెలయాలు’ అచ్చతెలుగు, వెల కట్టిన ఆలు. కావ్యంలో ఇవి ఒక పాత్రకు పేర్లు. ఊళ్లో బోగం, సాని అన్నవి కులాల పేర్లు. కోస్తాలో ఆ కులాల ఆడవాళ్లు సంగీత నాట్యాలు నేర్చినవాళ్లు, మాన్యాలు అనుభవించినవాళ్లు. సంస్కరణోద్యమం వాళ్లను ‘వేశ్య’ అన్న ఒకే గిన్నెలో కలిపేసింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1947లో దేవదాసీ నిషేధ చట్టం వచ్చాక ఆ కులాలు ముందు కళావంతులు, తర్వాత సూర్యబలిజ అన్న పేర్లలోకి జరిగాయి. పేరు మార్చుకోవడం వెనక సిగ్గు కన్నా లెక్క ఎక్కువ. బడిలో పిల్లను చేర్చేటప్పుడు మాస్టారు ముందు చెప్పాల్సిన పేరు అది. సంచార జాతి అయిన దొమ్మరులు తమ కులం పేరే తిట్టుగా మారిందని, దాన్ని మార్చమని కోరడం కూడా ఈ కోవలోదే. 2018 జూలై చివర్లో యాదగిరిగుట్టలో పోలీసులు వ్యభిచార గృహాల నుంచి చిన్నపిల్లలను విడిపించినప్పుడు వార్తలన్నీ ఒక వాడ చుట్టూ, ఒక కులం చుట్టూ తిరిగాయి. నేరం కొందరిది, మాట అందరికీ అంటుకుంది.

నిజాం రాజ్యంలో కథ కొంచెం వేరు. మహలఖా బాయి చందా (1768-1824) తవాయిఫ్, అంటే దర్బారుల్లో పాడి ఆడే కళాకారిణి. జాగీర్లున్న మనిషి, ఉర్దూలో సొంత దివాన్ (కవితల సంపుటి) వెలువడిన తొలి కవయిత్రుల్లో ఒకరు. మౌలాలీ గుట్ట కింద తల్లికి కట్టించిన సమాధి పక్కనే ఆమె సమాధీ ఉంది. తవాయిఫ్ అన్న మాటలో అప్పుడు పాట, మర్యాద, పలుకుబడి ఉండేవి. దర్బార్లు పోయాక మిగిలింది తవాయిఫ్‌ల ఇల్లయిన కోఠా ఒక్కటే.

జోగిని సంగతి ఇంకా చిక్కు. ఆంధ్రప్రదేశ్ 1988లో తెచ్చిన దేవదాసీ నిషేధ చట్టం జోగిని, బసివి, మాతమ్మ వంటి పేర్లన్నిటినీ ఒక్కచోట చేర్చింది. మహబూబ్‌నగర్, నిజామాబాద్ ప్రాంతాల్లో ఈ పేరు దళిత బాలికలను దేవతకు వదిలి ఊరి పెద్దలకు అప్పగించిన దురాచారానిది. సికింద్రాబాద్ బోనాల్లో రంగం (భవిష్యవాణి) చెప్పేటప్పుడు అదే ‘జోగిని’ మాట భక్తితో వినిపిస్తుంది, మంత్రులు చేతులు కట్టుకుని నిలబడతారు. దురాచారానికి బలైన మహిళను ‘సెక్స్ వర్కర్’ లెక్కలో కలపడాన్ని జోగిని వ్యతిరేక ఉద్యమకారులు ఒప్పుకోరు. అది వాళ్ల దృష్టిలో పని కాదు, కులం చేసిన నేరం.

‘సెక్స్ వర్కర్’ ఎవరి మాట?

ఈ మాటను 1970ల చివర్లో పుట్టించింది కరోల్ లీ అనే అమెరికన్. ఆమె స్వయంగా ఆ పనిలో ఉన్న మనిషి, ఫెమినిస్టు కార్యకర్త. మగవాడు వాడుకునే వస్తువుగా కాక ఒక పని చేసే మనిషిగా తమను చూడాలన్నది ఆమె ఉద్దేశం. మన దగ్గరికి మాత్రం ఇది ఉద్యమం మీదుగా కన్నా ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం మీదుగా ఎక్కువ వచ్చింది. 1992లో ఏర్పడిన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో), ఆ తర్వాత రాష్ట్రాల్లో దాని శాఖలు ‘హై రిస్క్ గ్రూప్’ల జాబితాలు తయారు చేశాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అప్పట్లో హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి కాబట్టి ఇక్కడ స్వచ్ఛంద సంస్థలు, డ్రాప్ ఇన్ సెంటర్లు, పీర్ ఎడ్యుకేటర్లు (అదే పనిలో ఉండి తోటివాళ్లకు చెప్పేవాళ్లు) దండిగా వచ్చారు. తెలుగు ఆఫీసు భాషలో ‘సెక్స్ వర్కర్’ స్థిరపడింది అక్కడే.

ఈ పుట్టుక తన గుర్తును వదిలింది. ఆరోగ్య కార్యక్రమంలో ‘సెక్స్ వర్కర్’ అంటే హక్కులున్న కార్మికురాలు కాదు, రోగం వ్యాపించే దారిలో ఒక మజిలీ. మాట మర్యాదైనదే. చూపు మాత్రం మిగతా సమాజాన్ని కాపాడే చూపు. పైగా తెలుగు ఇంట్లో ‘సెక్స్’ అన్న మాటే పైకి పలకరు. ఆ పనిలో ఉన్నవాళ్లు క్లినిక్‌లోనో మీటింగ్‌లోనో అయితే సెక్స్ వర్కర్ అంటారేమో గానీ, తమలో తాము ‘ఈ పని’, ‘ధందా’ వంటి పక్కదారి మాటలతోనే సరిపెట్టుకుంటారు. ఇంగ్లిష్ మాటకున్న ఉపయోగం అదే: ఎవరి నోట్లోనూ పూర్తిగా సొంతం కాదు కాబట్టి ఎవరినీ కోయదు.

2023లో కోర్టు ఎందుకు తగ్గింది?

2023 ఆగస్టులో సుప్రీంకోర్టు, అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై.చంద్రచూడ్ హయాంలో, మహిళల పట్ల మూస అభిప్రాయాలను తొలగించే చేతిపుస్తకం విడుదల చేసింది. న్యాయమూర్తులు తీర్పుల్లో మానుకోవాల్సిన మాటలూ, వాటి బదులు వాడాల్సినవీ అందులో పట్టికగా ఉన్నాయి. ‘ప్రాస్టిట్యూట్’ బదులు ‘సెక్స్ వర్కర్’ అని రాయమంది. ‘చైల్డ్ ప్రాస్టిట్యూట్’ అనకుండా ‘అక్రమ రవాణాకు గురైన బాలిక లేదా బాలుడు’ అనమంది. రెండోదాని మీద ఎవరికీ పేచీ లేదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయంలో సమ్మతి అన్న ప్రశ్నే లేదు, అది పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు.

మొదటిదాని మీద అక్రమ రవాణాను ఎదిరించే సంస్థలు కోర్టుకు రాశాయి. ఈ పనిలో ఉన్నవాళ్లలో చాలామంది మోసపోయో, అమ్ముడుపోయో, అప్పు తీర్చలేకో వచ్చినవాళ్లు. అందరికీ కలిపి ‘వర్కర్’ అంటే ఆమె తానే ఎంచుకున్నట్లు అర్థం వస్తుందన్నది వాళ్ల వాదన. నవంబర్‌లో కోర్టు సరేనంది. ‘అక్రమ రవాణా బాధితురాలు, వాణిజ్య లైంగిక కార్యకలాపాల్లో ఉన్న మహిళ, వాణిజ్య లైంగిక దోపిడీలోకి బలవంతంగా నెట్టబడిన మహిళ’ అన్న మూడు మాటలు కలిపి పెట్టడానికి ఒప్పుకుంది. ఇంత పొడుగు మాట ఏ శీర్షికలోనూ పట్టదు. కానీ ఒక న్యాయం ఉంది అందులో: న్యాయమూర్తి వాటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలంటే ముందు ఆమె ఎలా వచ్చిందో ఆమెనే అడగాలి.

ఇలా వెనక్కి తగ్గడం మొదటిసారి కాదు. 2020 అక్టోబర్‌లో, కరోనా సాయం కోసం, జాతీయ మానవ హక్కుల కమిషన్ సెక్స్ వర్కర్లను అసంఘటిత కార్మికులుగా నమోదు చేయమని సలహా ఇచ్చింది. అభ్యంతరాలు వచ్చాక దాన్ని మానవతా దృష్టితో ఇచ్చే సాయంగా మార్చింది. రెండు సందర్భాల్లోనూ గొడవ మొదటి సగం మీద కాదు, ‘వర్కర్’ అన్న రెండో సగం మీదే.

హైదరాబాద్‌లో ఈ వాదనకు బలమైన గొంతు ప్రజ్వలది. దాని వ్యవస్థాపకురాలు, 2016లో పద్మశ్రీ అందుకున్న సునీతా కృష్ణన్ దీన్ని పనిగా కాక బానిసత్వంగానే చూస్తారు. వేలమందిని చెర విడిపించిన అనుభవం నుంచి వచ్చిన మాట కాబట్టి దాన్ని నీతిబోధ అని కొట్టిపారేయడం కుదరదు. దర్బార్ వంటి సంఘాల మాటనూ అలాగే కొట్టేయలేం: ‘బాధితురాలు’ అన్న ముద్ర పడిన మనిషి మాట ఎవరూ వినరు, ఆమె బదులు పోలీసో, సంస్థో, మేజిస్ట్రేటో నిర్ణయిస్తారు. ఇద్దరూ చూసింది వేర్వేరు మనుషులను. రెస్క్యూ హోమ్‌లోకి వచ్చేవాళ్లు ఒకరకం, సంఘం మీటింగ్‌కు వచ్చేవాళ్లు ఇంకోరకం. ఎవరికి వాళ్లు తాము చూసినవాళ్లే మొత్తమనుకోవడం దగ్గరే చిక్కు.

ప్రపంచంలోనూ ఇవే రెండు దారులు. స్వీడన్ 1999 నుంచి కొనేవాణ్నే నేరస్థుడంది, అమ్మే మనిషిని వదిలేసింది. న్యూజిలాండ్ 2003లో రెండువైపులా నేరం కాదంటూ కార్మిక నిబంధనలు పెట్టింది. మన పిటా చట్టం ఈ రెండిటిలో ఏదీ కాదు.

‘కార్మికురాలు’ అనడానికి అడ్డేమిటి?

కొందరు రచయితలు ‘లైంగిక కార్మికులు’ అని తెలుగు చేశారు. తెలంగాణలో ‘కార్మికులు’ అన్న మాటకు బరువుంది. బీడీ కార్మికులకు కార్డు, పెన్షన్ ఉన్నాయి. భవన నిర్మాణ కార్మికులకు సంక్షేమ బోర్డు ఉంది. ఆ మాట పక్కన పెడితే యజమాని ఎవరు, కూలి ఎంత, ప్రమాదం జరిగితే పరిహారం ఎవరిస్తారు అన్న ప్రశ్నలు వెంటనే వస్తాయి. పిటా చట్టంలో యజమాని ఉండటమే నేరం. యజమాని లేని కార్మికురాలికి బోర్డు ఎలా పెట్టాలన్న దానికి మన చట్టాల్లో జవాబు లేదు. చట్టం మారకుండా మాట ఒక్కటే మారితే దక్కేది మర్యాద వరకే. అది తక్కువేమీ కాదు, కానీ చాలదు.

కొనేవాడి పేరు

మాటల మీద ఇంత చర్చ జరిగినా ‘విటుడు’ జోలికి ఎవరూ పోరు. సంస్కృత నాటకాల్లోని సరసుడి పేరు తెలుగు క్రైమ్ వార్తలో ఇంకా బతికుంది. అందులో తిట్టు లేదు, కొంచెం చమత్కారం కూడా ఉంది. ఆమె పేరులో కళంకం, అతని పేరులో కావ్యం. 2025 జూలైలో కేరళ హైకోర్టు ఒక కేసులో ఈ వైపు చూసింది. సెక్స్ వర్కర్ సరుకు కాదు కాబట్టి ఆమె దగ్గరికి వచ్చినవాణ్ని ‘కస్టమర్’ అనలేమని, ఆ డబ్బు ఆమెను ఈ పనిలో కొనసాగేలా చేసే ప్రేరేపణ అనీ, అతని మీద కేసు నడవవచ్చనీ అంది. అతన్ని ఏమనాలో తేలడంతోనే అతను నిందితుడా కాదా అన్నదీ తేలింది.

‘అది’, ‘ఆమె’

ఇంగ్లిష్ చర్చలో రాని అంశం తెలుగులో ఒకటుంది. తెలుగు క్రియ స్త్రీకీ పశువుకీ ఒకేలా ఉంటుంది: వచ్చింది, పోయింది. తేడా చూపేది సర్వనామమే. ఆమె, ఆవిడ, అది. ‘నువ్వు’, ‘మీరు’, ‘ఏమే’. స్టేషన్లో నామవాచకం మారి ‘సెక్స్ వర్కర్’ అయినా, ‘ఏమే, ఎక్కడే నీ ఇల్లు?’ అన్న పిలుపు మారకపోతే మారింది కాగితమే. 2022 ఉత్తర్వు పోలీసులు వీళ్లను మాటలతోనూ చేతలతోనూ హింసించవద్దంది. ఆ మాటలేమిటో ఇంగ్లిష్ ఉత్తర్వు చెప్పలేదు, అది చెప్పగలిగేదీ కాదు. శిక్షణ ఇచ్చేవాళ్లు తెలుగులో, దక్కనీలో ఆ జాబితా రాసుకోవాలి. ‘ముండ’ అన్న తిట్టును చూస్తే అది ఎందుకు కష్టమో తెలుస్తుంది. గుండు చేయించిన వితంతువుకు పెట్టిన ఆ పేరు ఇప్పుడు ఏ ఆడమనిషి మీదైనా పడుతుంది. సెక్స్ వర్కర్లను తిట్టే మాటలు వాళ్ల దగ్గరే ఆగవు, మాట వినని ప్రతి స్త్రీ మీదికీ వస్తాయి.

జాబితాలో పేరు

మాట ఒప్పుకుంటే దక్కేదీ ఉంది, పోయేదీ ఉంది. 2020 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు గుర్తింపు కార్డు అడగకుండా సెక్స్ వర్కర్లకు రేషన్ ఇవ్వమంది. ఎవరు అర్హులో తేల్చడానికి ప్రధాన ఆధారం నాకో జాబితా. రోగ నియంత్రణ కోసం రాసుకున్న పేర్లే బియ్యం ఇచ్చే పట్టిక అయ్యాయి. ఆ జాబితాలో ఉండటానికి ఇష్టపడని మహిళకు, అంటే ఇంట్లోవాళ్లకు తెలియకుండా మియాపూర్ నుంచో ఉప్పల్ నుంచో వచ్చి వెళ్లే మనిషికి, ఆ సాయం అందడం కష్టం.

జాబితాలంటే భయపడటానికి హైదరాబాద్‌లో ఒక పాత కారణం ఉంది. నిజాం కాలంలో, 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో, హిజ్రాల పేర్లు రిజిస్టర్‌లో రాయించి నిఘా పెట్టే చట్టం తెచ్చారు. అది ‘తెలంగాణ యూనక్స్ యాక్ట్’ పేరుతో పుస్తకాల్లో మిగిలే ఉంది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఈ పనిలో ఉన్న ట్రాన్స్ మహిళలను తెలుగు మాటలు అసలు లెక్కలోకే తీసుకోవు. వేశ్య అన్నా వెలయాలు అన్నా స్త్రీయే. వాళ్లకు మిగిలింది తిట్లు, లేదంటే ‘ట్రాన్స్‌జెండర్ల ఆగడాలు’ అన్న శీర్షిక.

2022 ఉత్తర్వులో అంతగా చర్చకు రాని భాగం ఆధార్ గురించినది. చిరునామా రుజువు లేని సెక్స్ వర్కర్లకు నాకో గెజిటెడ్ అధికారి గానీ, రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ప్రాజెక్ట్ డైరెక్టర్ గానీ ఇచ్చే ధ్రువపత్రం మీద ఆధార్ ఇవ్వమంది. ఆ పత్రంలో ఆమె ఎవరో రాయక తప్పదు. ఎన్‌రోల్‌మెంట్ నంబర్‌లో మాత్రం ఆమె సెక్స్ వర్కర్ అని పసిగట్టగల ఏ కోడూ ఉండకూడదని కోర్టు షరతు పెట్టింది. చేతికి వచ్చే కార్డులో ఉండేది పేరు, పుట్టిన తేదీ, చిరునామా, పన్నెండు అంకెలు.